కర్నూలు ఎండల్లో స్టింగ్‌రే పెంచాలంటే

అక్వేరియం షాపులో అరచేయంత స్టింగ్‌రే పిల్ల అద్దానికి ఆనుకుని పైకి పాకుతుంటే, పొట్టవైపు ఉండే నోరు నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. చాలామంది అక్కడే పడిపోతారు. ధరెంత, మేతేం వేయాలి అని రెండు ముక్కలు అడిగి కవర్లో పెట్టించుకుని ఇంటికి తెచ్చేస్తారు. మన కర్నూలు, అనంతపురం, కడపల్లో ఈ చేప బతుకు మేతకన్నా రెండింటి మీద ఎక్కువగా ఆధారపడి ఉంది: మీ ఇంటికొచ్చే నీళ్లు, మే నెల. అందుకే ఈ గైడులో చేప కొనడం చాలా కిందికి వస్తుంది. ఓపిగ్గా వరుసలో చదవండి.

ముందు తెలుసుకోవాల్సింది: ఇది ఎంత పెరుగుతుంది

మంచినీటి స్టింగ్‌రేలు దక్షిణ అమెరికా నదుల చేపలు. అమెజాన్, ఒరినోకో, పరానా లాంటి నదుల్లో అడుగు ఇసుకను ఒంటి మీదికి చల్లుకుని దాక్కుంటాయి. మన కోస్తాలో జాలర్లు టేకు చేప అని పిలిచేదానికి ఇవి దూరపు చుట్టాలు. మన దగ్గరి షాపుల్లో ఎక్కువగా కనిపించేది మోటోరో. గోధుమరంగు ఒళ్లు, దాని మీద నల్ల అంచున్న పసుపు, నారింజ చుక్కలు. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్నదాన్ని బ్లాక్ డైమండ్ అంటారు. దాని అసలు పేరు లియోపోల్డి, బ్రెజిల్‌లో షింగు నది ప్రాంతానిది. ధర చెప్తే గుండె గుభేల్‌మంటుంది.

‘టీకప్ స్టింగ్‌రే’ అని అమ్మేది టీ కప్పంతే ఉండిపోదు. అది ఏదో ఒక జాతి పిల్ల, అంతే. మోటోరో బాగా పెరిగితే తోకను లెక్కలోకి తీసుకోకుండానే అర మీటరు వెడల్పు వస్తుంది. ఆడవి మగవాటికన్నా పెద్దవి. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా ఉంటుంది. అంటే ఇవాళ ఐదో తరగతి చదివే మీ అబ్బాయి కోసం కొంటే, వాడు ఇంజినీరింగ్‌కు హాస్టల్‌కెళ్లాక కూడా ట్యాంకు కడగాల్సింది మీరే.

ఇంట్లో ఉన్నది నాలుగడుగుల ట్యాంకు అయితే, ఇక్కడితో ఆగిపోవడమే మంచిది. ‘పెద్దదయ్యాక ట్యాంకు మారుస్తాం’ అనే మాట నేను నమ్మను. చేప పెరిగినంత వేగంగా మన బడ్జెట్ పెరగదు.

ట్యాంకు, దాని కింద నేల

స్టింగ్‌రేకు (ఇకపై ‘రే’ అనే అంటాను) ఎత్తుతో పని లేదు, నేల కావాలి. వెనక్కి తిరగడానికి వీలుగా ట్యాంకు వెడల్పు దాని ఒంటి వెడల్పుకు రెట్టింపు దాకా ఉండాలి. ఎదిగిన మోటోరోకు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు పెట్టుకోండి. పిల్లను ఏడాది పాటు అంతకన్నా చిన్నదాంట్లో ఉంచొచ్చు కానీ, పెద్దదానికి చోటు ఇప్పుడే చూసుకోవాలి.

ఆ కొలతకు నిండుగా సుమారు 1,800 లీటర్లు పడతాయి. నీళ్ల బరువే 1,800 కిలోలు, అద్దం, స్టాండు వేరు. మామూలు ఇళ్ల శ్లాబును చదరపు మీటరుకు 200 కిలోల వాడకం బరువు లెక్కేసి కడతారు. రెండడుగుల నీళ్లు చదరపు మీటరుకు 600 కిలోలు. కాబట్టి మేడ మీద, పైఅంతస్తు అద్దె ఇంట్లో ఈ ఆలోచనే వద్దు. గ్రౌండ్ ఫ్లోర్, అదీ కింద సంపు గుంత లేని చోట చూసుకోండి. అద్దం 12 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పైన అడ్డపట్టీలు వేయించాలి.

అద్దం ఖర్చు భరించలేకపోతే వరండాలో నీడ పట్టున ఇటుకలతో తొట్టి కట్టించి, లోపల చెరువులకు వేసే మందపాటి ప్లాస్టిక్ షీటు పరిపించండి. చూడ్డానికి అంత అందంగా ఉండదు గానీ రేను పైనుంచి చూడటమే బాగుంటుంది, చుక్కలన్నీ అటువైపే కదా. షీటు వేయకుండా ఉత్త సిమెంటు తొట్టిలో వదిలితే సున్నం ఊరి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) అమాంతం పెరుగుతుంది.

ఇక మన ఊళ్లలో ప్రతి పనికీ వాడే నాపరాయి సంగతి. కడప బండలైనా, బేతంచెర్ల బండలైనా సున్నపురాయే. వంటగదిలో నాపరాయి గట్టు మీద నిమ్మరసం పడితే తెల్లమచ్చ పడి పోనే పోదు, చూసే ఉంటారు. పులుపు రాయిని తినేసిందన్నమాట. ట్యాంకు కింద స్టాండుగా నాపరాయి భేషుగ్గా పనిచేస్తుంది. నీళ్లలో మాత్రం వేయొద్దు. కొద్దికొద్దిగా కరిగి, అసలే గట్టిగా, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువగా ఉన్న మన నీళ్లను ఇంకా గట్టి చేస్తుంది.

అడుగున ఏటి ఇసుక ఒక అంగుళం, మహా అయితే రెండంగుళాలు చాలు. తుంగభద్రదైనా, పెన్నదైనా సన్నగా జల్లించి, బకెట్లో పైకి తేలే మురికి పూర్తిగా పోయేదాకా కడగాలి. గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి, బుసబుసమని పొంగితే అందులో సున్నం ఉన్నట్టే. రోబో శాండ్ వద్దు. దాని పలుకులు గరుకు, రే రోజంతా పొట్ట మీద పాకే ప్రాణి, గీసుకుపోతుంది. ఇసుకే లేకుండా ఉత్త అద్దం మీద పెంచేవాళ్లూ ఉన్నారు. శుభ్రం చేయడం తేలిక, కానీ ఇసుకలో కళ్లు మాత్రమే బయటపెట్టి పడుకున్న రేను ఒకసారి చూశాక నాకు ఆ పద్ధతి నచ్చలేదు. కళ్ల వెనకాలే రెండు రంధ్రాలుంటాయి. ఒళ్లంతా ఇసుకలో ఉన్నా అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. నోరు కిందివైపు ఉంది కాబట్టి ఊపిరికి నీళ్లు అక్కడినుంచే పీలుస్తుంది.

నీళ్లు: అసలు పని ఇక్కడే

ఒక టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపేది), పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ పరీక్షల కిట్టు కొనండి. చేపకన్నా ముందు ఇవే. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు విడివిడిగా చూసి రాసిపెట్టుకోండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూడాలి, అంకెలు మారిపోతాయి.

ఈ చేపల సొంత నదుల్లో నీళ్లు మెత్తన. ఫారాల్లో పుట్టిన పిల్లలు కొంత సర్దుకుంటాయి. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య, టీడీఎస్ 300 లోపు ఉంటే హాయి. మన బోర్లలో టీడీఎస్ వెయ్యి దాటడం వింతేం కాదు, అనంతపురం వైపు ఫ్లోరైడ్ గొడవ అదనం. కర్నూలులో మున్సిపాలిటీ ఇచ్చే తుంగభద్ర నీళ్లు బోరుకన్నా చాలా నయం. అయితే వాటిలో క్లోరిన్ ఉంటుంది. కెమికల్ షాపులో హైపో (సోడియం థయోసల్ఫేట్) అని అడిగితే తెల్లటి పలుకులు ఇస్తారు. 100 లీటర్లకు 1 గ్రాము ముందుగా బకెట్లో కరిగించి కలిపితే క్లోరిన్ పోతుంది. బోరు నీళ్లకు హైపో అవసరం లేదు.

పీహెచ్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, రే వదిలే వ్యర్థం ఎక్కువగా అమ్మోనియానే. సముద్రపు రేలు ఒంట్లో యూరియాను దాచుకుంటాయి. ఈ నది రేలలో ఆ గుణం పోయింది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి విషం, ఇంకొకటి అంత కాదు. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషం వాటా దాదాపు 10 రెట్లవుతుంది. వేడి పెరిగినా ఆ వాటా పెరుగుతుంది. గట్టి నీళ్లు, వేడి నీళ్లు, రెండూ మన దగ్గర ఉన్నాయి. బెంగళూరులో ఒకరి ట్యాంకులో చెల్లిపోయిన అజాగ్రత్త ఇక్కడ చెల్లదు.

మరి నీళ్లను మెత్తబరచడం ఎలా? వారానికి మూడో వంతు నీళ్లు మార్చాలి, అంటే దగ్గర దగ్గర 600 లీటర్లు. వంటింటి ఆర్వో గంటకు పది, పదిహేను లీటర్లు ఇస్తుంది, అంతకు రెండు మూడు రెట్లు కాలువలోకి పోతాయి. మన ఊళ్లలో ఆ వృథా పాపమే. దానికన్నా వీధి చివర మినరల్ వాటర్ ప్లాంటతనితో మాట్లాడుకోండి. మొత్తం ఆర్వో నీళ్లే అయితే 20 లీటర్ల క్యాన్లు ముప్పై అన్నమాట, సగం కుళాయి నీళ్లు కలిపితే పదిహేను. వారం వారం తీసుకుంటామంటే చిన్న ట్రాలీలో డ్రమ్ములు తెచ్చి పోసిపోతారు.

ఆ నీళ్లు నేరుగా పోయకూడదు. ఉత్త ఆర్వో నీళ్లలో పీహెచ్‌ను పట్టి ఉంచే లవణాలు ఉండవు. ఫిల్టరు పనిచేస్తున్నకొద్దీ పుట్టే ఆమ్లం వల్ల పీహెచ్ ఒక రాత్రిలో కుప్పకూలొచ్చు. కుళాయి నీళ్ల టీడీఎస్ 450, ఆర్వోది 30 అనుకుంటే, సగం సగం కలిపితే 240 వస్తుంది. ఆ లెక్కన మీ అంకెలు మీరు వేసుకోండి. ఒకసారి ఒక పాళ్లు కుదిరాక మార్చకండి. రే కొంచెం ఎక్కువ పీహెచ్‌నైనా భరిస్తుంది, రోజుకో పీహెచ్‌ను భరించదు.

ఫిల్టరు

ట్యాంకు కింద ఇంకో చిన్న ట్యాంకు పెట్టి, నీళ్లు అందులోంచి తిరిగి పైకి వచ్చేలా చేయాలి. దీన్నీ సంపు అనే అంటారు, ఇంటి నీళ్ల సంపు అనుకునేరు. పెద్ద ట్యాంకులో నాలుగో వంతు నీళ్లు పట్టేంత ఉండాలి. మొదటి గదిలో మురికి పట్టే గుడ్డ సంచి, తర్వాత అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరిగే ప్లాస్టిక్ ముక్కలు (మీడియా), చివర మోటారు. గంటకు ట్యాంకు నీళ్లన్నీ ఐదారు సార్లు తిరిగితే సరి. సంచిని రెండు మూడు రోజులకోసారి ఉతకండి. మీడియాను మాత్రం కుళాయి కింద పెట్టి కడగొద్దు, క్లోరిన్‌కు బ్యాక్టీరియా చస్తుంది. ట్యాంకులోంచి తోడిన నీళ్లలోనే జాడించండి.

హీటరు కూడా సంపులోనే ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు అనంతపురంలో చలి బాగానే ఉంటుంది, నీళ్లు 25 డిగ్రీల కిందికి పోకుండా హీటరు కావాలి. ట్యాంకులో పెడితే రే వెళ్లి దాని మీదే పడుకుంటుంది, కాలినా లేవదు.

ఫిల్టరులో బ్యాక్టీరియా ఊరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు మొల్లీల్లాంటి గట్టి చేపలు కొన్ని వేసి రోజూ మేత వేయండి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం పెరుగుతూ కనిపిస్తే ఫిల్టరు పనిలోకి దిగినట్టు. ఆ నైట్రేట్‌ను 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటనీయకుండా చూసేది మీరు మార్చే నీళ్లే.

మే నెల పరీక్ష

నా సలహా ఒకటే, దీన్ని మాత్రం దాటేయకండి: ట్యాంకు సంక్రాంతి తర్వాత పెట్టండి, స్టింగ్‌రేను జూలై, ఆగస్టుల్లో కొనండి. మధ్యలో వచ్చే ఎండాకాలాన్ని చవక చేపలతో నడిపించి చూడండి. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే. గదిలో నీళ్లు 33, 34కు చేరతాయి. రేకు 26 నుంచి 29 డిగ్రీలు కావాలి. 31 దాటితే ఊపిరి వేగం పెరుగుతుంది, కళ్ల వెనక రంధ్రాలు గబగబా కొట్టుకోవడం మీకే కనిపిస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ పట్టదు. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన పట్టేది 34 దగ్గర 7కు దిగుతుంది. సరిగ్గా అప్పుడే చేపకు ఎక్కువ కావాలి.

నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లరు, కొనగలిగితే కొనండి. లేకపోతే మనకొక వెసులుబాటు ఉంది. ఇక్కడి ఎండ పొడి ఎండ, విజయవాడ ఉక్కపోత కాదు. నీటి పైభాగం మీదుగా రెండు ఫ్యాన్లు ఏటవాలుగా తిప్పితే ఆవిరి బాగా లేచి నీళ్లు రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లబడతాయి. గది కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి, లేదంటే గదిలోనే తేమ నిండి ఫ్యాను ప్రయోజనం పోతుంది. ఆవిరైపోయేది నీళ్లే, లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. కాబట్టి తగ్గిన మట్టాన్ని ఉత్త ఆర్వో నీళ్లతోనే నింపాలి, కుళాయి నీళ్లతో కాదు. ఐస్ గడ్డలు వేయడం లాంటివి వద్దు. గంటలో నాలుగు డిగ్రీలు పడితే అదో షాక్, కరిగాక మళ్లీ మొదటికే.

కరెంటు కోత ఇంకో టెన్షన్. ఈదురుగాలి వచ్చిన రాత్రి మూడు నాలుగు గంటలు పోయిందంటే సంపులో బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. ఇంటి ఇన్వర్టరుకు ఒక ఎయిర్ పంపును కలపండి, దాని గొట్టం చివర గాలి బుడగలొదిలే రాయి (ఎయిర్ స్టోన్) ఒకటి ట్యాంకులో, ఒకటి మీడియాలో. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి అదనంగా పెట్టుకోండి. ఇంకో చిన్న మాట: ఆ గదిలో దోమల చుట్ట, దోమల లిక్విడ్, బొద్దింకల స్ప్రే వద్దు. వాటిలో మందు చేపలకు బాగా విషం, ఎయిర్ పంపు గదిలో గాలినే నీళ్లలోకి తోస్తుంది.

మే చివరికి నీళ్లు 30 దాటకుండా, అమ్మోనియా సున్నా మీద నిలబెట్టగలిగారా? అయితే కొనండి. నిలబెట్టలేకపోతే నష్టపోయింది కాసిని మొల్లీలు.

కొనేటప్పుడు

కర్నూలువాళ్లు హైదరాబాద్, అనంతపురంవాళ్లు బెంగళూరు, కడపవాళ్లు చెన్నైలో కొళత్తూరు వైపు వెళ్తారు. ఏ ఊరైనా, మీ కళ్ల ముందు అది మేత తినాలి. తినని చేపను సగం ధరకిచ్చినా వద్దు. తోక మొదట్లో రెండువైపులా ఎముకలు పొడుచుకొచ్చి కనిపిస్తే చాలా రోజులుగా పస్తు ఉన్నట్టు. ఒంటి అంచు పైకి చుట్టుకుపోయి ఉంటే దాన్ని ఇక ఎవరూ బతికించలేరన్నంత ప్రమాదం. పొట్టవైపు ఎర్రబారిందేమో కూడా చూడండి. మగదానికి తోక మొదట్లో రెండు వేళ్లలాంటి అవయవాలుంటాయి. పెద్ద మగది, చిన్న ఆడది కలిపి కొనొద్దు, జత కట్టేటప్పుడు మగది ఆడదాని అంచులు కొరుకుతుంది.

బిల్లు తప్పకుండా తీసుకోండి. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) సమావేశంలో లియోపోల్డి, హెన్లీ జాతులతో సహా 7 మంచినీటి రేలను అనుబంధం 2లో, అంటే వ్యాపారంపై అదుపు ఉండే జాబితాలో చేర్చారు. అలాంటి జాబితా జీవుల్ని ఇంట్లో పెంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ వెబ్‌సైట్లో నమోదు చేసుకోవాలని కేంద్రం 2024లో నియమాలు తెచ్చింది. మీరు కొనే జాతికి ఏమేం వర్తిస్తుందో డబ్బు కట్టకముందే అటవీశాఖ ఆఫీసులో అడగండి. ‘పేపర్లేం అక్కర్లేదు సార్’ అనే దుకాణదారుడి మాట మీద ఉండొద్దు.

తెచ్చేటప్పుడు రాత్రి ప్రయాణం మంచిది. ముల్లు మీద మెత్తని ట్యూబు తొడిగి, రెండు మూడు కవర్లలో ప్యాక్ చేయమనండి. ఇంటికొచ్చాక సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా మీ నీళ్లు కలుపుతూ గంటన్నర తీసుకోండి. లైటు ఆర్పేయండి. మొదటి రోజు మేత లేకపోయినా పర్లేదు.

తోడు చేపల్లో సిల్వర్ డాలర్, అరోవానా బాగానే ఉంటాయి. ట్యాంకు నాచు తింటుందని వేసే సక్కరు చేప మాత్రం వద్దు, రాత్రిపూట రే వీపు మీద అతుక్కుని జిగురు పొరను చీకుతుంది.

మేత

పిల్లకు రోజుకు రెండు మూడు సార్లు, పెద్దదానికి ఒకటి రెండు సార్లు. వానపాములంటే ప్రాణం. పత్తి, మిరప చేలలోవి వద్దు, మందు కొడతారు. మందు పడని పెరట్లో తవ్వుకోండి. పచ్చి రొయ్యలు పొట్టు, తల ముల్లు తీసి, ఉప్పు తగలకుండా ముక్కలు చేయండి. జిలేబీ చేప ముక్కలు, అడుగుకు దిగే పెల్లెట్లు కూడా అలవాటు చేయండి. చికెన్, మటన్ వద్దు, ఆ కొవ్వు వాటికి అరగదు.

తినే తీరు చూడాల్సిందే. మేతను కళ్లతో చూసి తినదు, వాసన పట్టి దాని మీదికి ఎక్కుతుంది. అంచులన్నీ నేలకు అదిమి, మధ్యలో ఒళ్లు పైకి లేపి లోపలికి పీల్చుకుంటుంది. కాసేపటికి సగం నమిలిన ముక్క ఒకటి పక్కనుంచి బయటికొస్తుంది, మళ్లీ వెనక్కి తిరిగి దాన్నే పడుతుంది. పావుగంట తర్వాత మిగిలింది తీసేయాలి.

జబ్బు చేస్తే మామూలు చేపల మందులు పోయొద్దు. రాగి ఉన్న మందులు, ఫార్మలిన్ రేలను చంపేస్తాయి. ముందు నీళ్లు పరీక్షించి, సగం మార్చండి. సగం జబ్బులకు అదే మందు.

ముల్లు

తోక మీద ఉండే ముల్లుకు రెండువైపులా రంపంలా వెనక్కి తిరిగిన పళ్లు, పైన విషపు పొర ఉంటాయి. రే వెంటపడి పొడవదు, తొక్కినా, పట్టుకున్నా, ఒకవైపుకు తరిమినా కొడుతుంది. ట్యాంకులో చేయి పెట్టే ముందు మోటార్ల స్విచ్చులు ఆపి, రే ఎక్కడుందో కళ్లతో చూసి, మధ్యలో ఒక ప్లాస్టిక్ షీటు అడ్డం పెట్టండి. పట్టాల్సి వస్తే వల వద్దు, ముల్లు చిక్కుకుంటుంది. వెడల్పాటి టబ్బులోకి నెమ్మదిగా మళ్లించాలి. ఆరు నెలలకో, ఏడాదికో పాత ముల్లు ఊడి కొత్తది వస్తుంది. ఇసుకలో గోధుమరంగు పుల్లలాంటిది కనిపిస్తే పట్టకారతోనే తీయండి, ఊడినదానిలోనూ విషం ఉంటుంది.

గుచ్చుకుంటే నొప్పి విపరీతం. వెంటనే కడిగి, ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీల్లో, గంట నుంచి గంటన్నర ఉంచండి. వేడిని కుట్టించుకున్న చేత్తో కాదు, రెండో చేత్తో చూడాలి, లేదంటే కాలుతుంది. తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, ఆకు పసరు పూయడం వద్దు. పాము మందు దీనికి పనికిరాదు. కర్నూలు పెద్దాసుపత్రి అయినా, కడప రిమ్స్ అయినా, వెళ్లగానే ‘స్టింగ్‌రే ముల్లు’ అని స్పష్టంగా చెప్పండి. లోపల ముక్క విరిగి ఉందేమో ఎక్స్‌రే తీస్తారు, టీటీ వేస్తారు. గుండెలో, పొట్టలో, మెడలో దిగితే పీకకుండా అలాగే తీసుకెళ్లాలి.

ఊరెళ్లాల్సి వస్తే, వదిలించుకోవాల్సి వస్తే

పెళ్లికో తిరునాళ్లకో రెండు రోజులు వెళ్తే పెద్ద రేకు మేత లేకపోయినా ఏమీ కాదు. వెళ్లేముందు రోజు నీళ్లు మార్చి, సంచి ఉతికి వెళ్లండి. ఎక్కువ రోజులైతే పక్కింటివాళ్లకు మేత పొట్లాలు రోజుకొకటి చొప్పున కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. డబ్బా ఇచ్చేస్తే ప్రేమ కొద్దీ మొత్తం పోస్తారు.

పెంచలేకపోతున్నామనిపిస్తే కేసీ కెనాల్‌లోనో, తుంగభద్రలోనో వదలకండి. సింగపూర్‌లో అలా వదిలిన మోటోరోలు ఒక రిజర్వాయర్‌లో స్థిరపడిపోయాయి. మన రాష్ట్రంలో అక్వేరియంలనుంచి పోయిన సక్కరు చేపలతో జాలర్లు ఇప్పటికే వలలు చింపుకుంటున్నారు. కొన్న షాపతన్ని, పెద్ద ట్యాంకులున్న పెంపకందార్లను అడగండి. ఈ మాట కొనే రోజే షాపులో మాట్లాడుకుని, పెద్దయ్యాక వెనక్కి తీసుకుంటామని బిల్లు వెనక రాయించుకోవడం ఇంకా మేలు.